దేవసహాయం గారి కీబోర్డు మీద అక్షరాలు

2023 మార్చి నెల. చిలకలూరిపేటలో కంప్యూటర్లు బాగుచేసే చిన్న షాపు మాది. ఆఫీసులకు వెళ్ళి సిస్టమ్‌లు పెట్టడం, వైర్లు లాగడం లాంటి బయటి పనులు మావారు చూసుకుంటారు. షాపులో బల్ల దగ్గర కూర్చుని చేసే పని నాది. బీఎస్సీ కంప్యూటర్స్ చదివాను. కాన్పయిన ఐదో నెలకే మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చేశాను. నేను చెప్పబోయే సంగతి జరిగేనాటికి పాపకు పది నెలలు. పాకుతూ, దొరికినదల్లా నోట్లో పెట్టుకునే వయసు.

మిర్చి సీజన్లో మా దగ్గరికి వచ్చే కీబోర్డులు ఎక్కువగా కమీషన్ కొట్లవే. విప్పితే లోపల ఎర్రటి దుమ్ము, ఒకోసారి మిరప గింజలు కూడా. మాస్కు కట్టుకుని దులుపుతాను. ఎన్నిసార్లు సబ్బుతో చేతులు కడుక్కున్నా, పాప కన్ను నలుపుకుందంటే నా చేతి ఘాటే తగిలిందేమోనని భయపడేదాన్ని. మా అత్తయ్య నవ్వేది. "పిల్లలన్నాక కన్ను నలుపుకోరా? అన్నిటికీ భయపడితే ఎట్టాగే?" అనేది.

అక్షరాలు ఎందుకు అరుగుతాయో కొంచెం చెప్పాలి. మామూలు రకం కీబోర్డుల్లో అక్షరాన్ని ప్యాడ్ ప్రింటింగ్ చేస్తారు. మెత్తటి రబ్బరు ముద్రతో రంగు అద్దడం అన్నమాట. వేళ్ళ చెమట, నూనె, గోళ్ళ రాపిడి కలిసి ఆ రంగును మెల్లగా తినేస్తాయి. అక్షరాన్ని మళ్ళీ పెట్టాలంటే ముందు కీ పుల్లర్ అనే చిన్న పట్టుకారుతో కీ మీది ప్లాస్టిక్ టోపీని ఊడదీస్తాం. దాన్నే కీక్యాప్ అంటాం. సబ్బునీళ్ళలో కడిగి, స్పిరిట్‌తో జిడ్డు తుడిచి, సన్నటి పెయింట్ పెన్నుతో అక్షరం రాసి, పైన క్లియర్ కోట్ వేస్తాం. అది కంటికి కనిపించని వార్నిష్ పొర. ఆ పొర గట్టిపడటానికి ఒక రోజు పడుతుంది. ఇంత తంటా ఎందుకు, కొత్తది కొనుక్కోవచ్చుగా అని మీరు అడగవచ్చు. చాలామంది కొనుక్కుంటారు. చేతికి అలవాటైనదాన్ని వదలలేనివాళ్ళు మాత్రం మా దగ్గరికి వస్తారు.

ఆ రోజు పొద్దున షాపు తెరిచేసరికి ఒక పెద్దావిడ మెట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో తుండుగుడ్డలో చుట్టిన కీబోర్డు. పక్కనే తెల్ల పంచె కట్టుకున్న పెద్దాయన నిలబడి ఉన్నాడు.

"అమ్మాయ్, అక్షరాలు పోయినవాటికి మళ్ళీ పెడతారంటగా?" అంది ఆవిడ.

గుడ్డ విప్పి చూశాను. ఎన్నో కీబోర్డులు చూశాను గాని అంత బోడి కీబోర్డు చూడలేదు. ఒక్క అక్షరం లేదు, ఒక్క అంకె లేదు.

ఆవిడ పేరు సుగుణమ్మ. భర్త దేవసహాయం గారు. బస్టాండు వెనక చిన్న ప్రెస్సు ఆయనది. చర్చి పాటల పుస్తకాలు, గుడి ఉత్సవాల కరపత్రాలు, ఊళ్ళో సగం శుభలేఖలు ఆయన టైపు చేసినవే. మా పెళ్ళి శుభలేఖ కూడా అక్కడే వేయించారు. రెండు వారాల కిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. ఆసుపత్రిలో సెలైన్ మీద ఉన్నారు.

"మనిషి చూత్తానే ఉంటాడమ్మా. కళ్ళు తిప్పుతాడు. కానీ నోట్లో చెంచా పెడితే చాలు, పళ్ళు బిగించేత్తాడు" అంది సుగుణమ్మ గారు. "ఒక్క చుక్క దిగనియ్యడు. ముక్కులోంచి గొట్టం వేసి పాలు పొయ్యాలంట. రేపు డాక్టరమ్మ అడుగుద్ది, గొట్టం వెయ్యమంటారా, ఇంటికి తీసకపోతారా అని."

పక్కనున్న పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. దేవసహాయం గారి అన్న, ఇస్రాయేలు గారు.

"మా తమ్ముడికి బతకాలని లేదమ్మా. నోరు మూసుకున్నాడంటే అర్థమేంది? మా నాయనకి ఇట్టాగే గొట్టాలేసి, చేతులు మంచానికి కట్టేసి, చిత్రవధ చేశాం. చూశాను నేను. వీణ్ణట్టా చెయ్యనియ్యను. ఇంటికి తీసకపోయి ప్రార్థన చేసుకుందాం."

"నువ్వాగు బావా" అంది సుగుణమ్మ గారు. "వద్దని ఆయన చెప్పాడా నీకు? ఆయన్నడగాలి. ఆ ఒక్కమాట ఆయన్నే అడగాలి నేను."

అడగడానికి ప్రయత్నించారట. పలక ఇస్తే ఎడమ చేత్తో గీతలు తప్ప ఏమీ రాలేదు. మనవరాలి అక్షరాల పటం తెచ్చి ముందు పెడితే, చిన్నపిల్లాణ్ణి చేశారనేమో, కళ్ళు మూసుకున్నాడట. తలూపమంటే ఒకసారి అటు ఊపుతాడు, ఒకసారి ఇటు. అది జవాబో, వణుకో తెలియదు. కానీ దుప్పటి మీద ఎడమ చేతి వేళ్ళు టైపు కొట్టినట్టు ఆడిస్తూనే ఉన్నాడు. అది చూసి ఆవిడ ప్రెస్సు నుంచి కీబోర్డు తెచ్చి ఒళ్ళో పెట్టింది.

"చెయ్యి పెట్టాడమ్మా! మొహం మారిపోయింది. ఎడమ పక్క టకటకా కొట్టాడు. కుడి పక్కకి వచ్చేసరికి ఆగిపోయాడు. వెతుక్కుంటన్నాడు. అక్షరాలేయి, ఒక్కటి కనపడితేగా!"

ఎప్పటికి కావాలని అడిగాను. రేపు పదకొండింటికి డాక్టరు వస్తారట. క్లియర్ కోట్‌కు టైము చాలదు. సాయంత్రానికి ఇస్తానన్నాను.

మెట్టు దిగుతూ ఇస్రాయేలు గారు, "ఎందుకమ్మాయ్ నీకు కూడా శ్రమ" అన్నాడు. ఆయన కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. అది మిర్చి ఘాటు కాదు.

రోజంతా ఆ ఒక్క పనే చేశాను. కీక్యాప్‌లు కడుగుతున్నప్పుడు ఒకటి వింతగా తోచింది. మామూలుగా ఇంగ్లీషు టైపు చేసేవారి కీబోర్డులో కొన్ని కీలు నున్నగా అరిగి మెరుస్తాయి, మూలనున్న బ్రాకెట్లు, సెమికోలన్ లాంటివి కొత్తగానే ఉంటాయి. ఇందులో ఆ మూల కీలు కూడా గుంట పడేంతగా అరిగాయి. పాత సరుకు కదా అనుకుని పనిలో పడ్డాను.

మధ్యాహ్నం ఆరబెట్టిన కీక్యాప్‌లు లెక్క చూసుకుంటే ఒకటి తక్కువైంది. పాప చాప మీద కూర్చుని ఏదో నములుతోంది. దాన్ని ఒళ్ళోకి లాక్కుని, నోట్లో వేలు పెట్టి తిప్పాను. బిస్కెట్టు ముద్ద. నా వేలు తగిలి అది గొంతుకు అడ్డం పడింది. దగ్గి, మొహం ఎర్రగా చేసుకుని, ఏడ్చింది. కీక్యాప్ నా చున్నీ అంచుకు అతుక్కుని ఉంది. ఏడుపు ఆపేదాకా భుజాన వేసుకుని తిప్పాను. తర్వాత చెంచాతో పెరుగన్నం తినిపించబోతే పెదాలు బిగించి తల తిప్పేసుకుంది. ఇందాకటి భయం ఇంకా పోలేదు కాబోలు.

సాయంత్రం సుగుణమ్మ గారు వచ్చి కీబోర్డు తీసుకెళ్ళింది. నల్లటి కీల మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు, కొత్తదానిలా ఉంది. నాకూ తృప్తిగా ఉంది.

మర్నాడు షాపు తీస్తుండగానే ఆవిడ మళ్ళీ వచ్చింది. తుండుగుడ్డ కూడా చుట్టలేదు. కీబోర్డును రెండు చేతులతో గుండెకు హత్తుకుని ఉంది.

"తోసేశాడమ్మా."

"ఏమైందండీ?"

"కాసేపు చూశాడు. ఇటూ అటూ చూశాడు. తర్వాత చేత్తో తోసేసి గోడవైపు తిరిగాడు. కళ్ళమ్మట నీళ్ళు. మా బావ 'చూశావుగా, అక్షరాలు కూడా గుర్తు లేవు వాడికి, ఇంక మనం పీక్కుతినొద్దు' అని ఇంటికి తీసకపోయే కాగితాలు రాయించడానికి పోయాడు." ఆవిడ బల్ల ముందు కూలబడింది. "నువ్వు బాగానే చేశావమ్మా. నిన్నేమనట్లా."

ఆ కీబోర్డు నా ముందు ఉంది. మూలల్లో గుంటలు పడిన బ్రాకెట్ కీల వైపు మళ్ళీ చూశాను. ఇంగ్లీషు టైపులో రోజుకొకసారి కూడా తగలని కీలు అవి. మరి ఆయన వాటిని దేనికి అంతగా కొట్టారు?

"సుగుణమ్మ గారూ, ఆయనకు ఇంగ్లీషు వచ్చా?"

"ఇంగ్లీషెక్కడిదమ్మా! ఏడో తరగతి. ఇంగ్లీషు కార్డులైతే గుంటూరు పంపించేవాడు. ఈయనదంతా తెలుగే."

ఆయనది తెలుగు ప్రెస్సని ఊరంతటికీ తెలుసు. నాకూ తెలుసు. అయినా కీబోర్డు మీద ఉండాల్సినవి ఏబీసీడీలే అని ఆవిడా అనుకుంది, నేనూ అనుకున్నాను. కీబోర్డుల మీద మన కళ్ళు ఎప్పుడూ చూసినవి అవే. కానీ డీటీపీ చేసేవాళ్ళకు, అంటే కంప్యూటర్లో పుస్తకాల పేజీలు కూర్చేవాళ్ళకు, కీ మీద ఏది అచ్చై ఉందన్నది లెక్కలోకి రాదు. వాళ్ళ సాఫ్ట్‌వేర్ ప్రతి కీకి ఒక తెలుగు అక్షరాన్ని ఇస్తుంది, షిఫ్ట్‌తో నొక్కితే ఇంకొకటి. తెలుగుకు అక్షరాలు ఎక్కువ కాబట్టి బ్రాకెట్లు, సెమికోలన్లు కూడా వదలరు. ఆ అక్షరాలు ఎక్కడా రాసి ఉండవు. వేళ్ళలో ఉంటాయి.

ఇంకొక సంగతి కూడా అప్పుడే తట్టింది. చూడకుండా టైపు చేసేవారికి ఏ అక్షరం ఎక్కడుందో నిజానికి తెలియదు. వేలికి తెలుస్తుంది, కంటికి తెలియదు. మన ఇంటి మెట్లు చీకట్లో కూడా ఎక్కేస్తాం, అవి ఎన్నని ఎవరైనా అడిగితే తడుముకుంటాం. అలాంటిదే. ఆయన ఎడమ చేతికి ఎడమ సగం తెలుసు. కుడి సగం తెలిసిన చెయ్యి పడిపోయింది.

కీల మీద అంటించడానికి బజార్లో దొరికే తెలుగు స్టిక్కర్లలో అక్షరాల వరస వేరు. ప్రెస్సులో వాడే వరస ఆ సాఫ్ట్‌వేర్ తెరిచి చూస్తే గాని తెలియదు.

"ప్రెస్సు తాళం మీ దగ్గరుందా?"

ఆవిడ నడుం దగ్గర తడుముకుని తాళంచెవి తీసింది.

పాపకు పొద్దుటి నుంచి ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది. అత్తయ్యకు అప్పగిస్తూ, జ్వరం పెరిగితే ఫోన్ చెయ్యమని, ఏదీ పడుకోబెట్టి పట్టొద్దని, అన్నం మెత్తగా పిసకమని వరసగా చెబుతుంటే, "నువ్వు పోతావా, నన్ను పొమ్మంటావా?" అని కసిరింది.

ప్రెస్సులో సిరా వాసన, కాగితం కట్టలు, మూలన పాత కంప్యూటరు. అది ఆన్ అయ్యేసరికి నా ప్రాణం విసిగిపోయింది. నిన్న శ్రద్ధగా రాసిన ఇంగ్లీషు అక్షరాలను స్పిరిట్‌తో తుడిచేశాను. కీ నొక్కడం, తెర మీద వచ్చిన తెలుగు అక్షరాన్ని అదే కీ మీద రాయడం. షిఫ్ట్‌తో వచ్చేది పైన, మామూలుగా వచ్చేది కింద. సుగుణమ్మ గారు తెర దగ్గరగా మొహం పెట్టి, ఆదివారం బడిలో పిల్లలకు చెప్పినట్టు గట్టిగా చదివింది. "గ... ఘ... ఇది కొమ్మమ్మా, కొమ్ము. ఇది ఏత్వం."

మధ్యలో ఒకసారి ఆవిడ ఫోన్ మోగింది. ఇస్రాయేలు గారు. "ఎక్కడున్నావే? కాగితాలు అయిపోయినయ్యి. నీ సంతకం ఒక్కటే మిగిలుంది."

"వత్తన్నా. నేనొచ్చేదాకా ఎవడన్నా మంచం కదిపారో..." అని ఆవిడ మిగతాది చెప్పకుండా పెట్టేసింది.

రంగు ఆరే వ్యవధి లేదు. ప్రతి కీ మీదా పారదర్శకమైన టేపు ముక్క అంటించాను. నా జీవితంలో అంత వికారమైన పని ఇంకెప్పుడూ చేయలేదు.

మేం ఆసుపత్రికి వెళ్ళేసరికి డాక్టరమ్మ ఆయన మంచం దగ్గరే ఉన్నారు. ఇస్రాయేలు గారి చేతిలో కాగితాలు. దేవసహాయం గారు గోడవైపు తిరిగి ఉన్నారు. బాగా చిక్కిపోయారు. మా శుభలేఖ ప్రూఫు చూపించిన మనిషేనా అనిపించింది.

సుగుణమ్మ గారు నేరుగా వెళ్ళి, ఆయన్ను భుజం పట్టి తిప్పి, దిండ్లు ఎత్తుగా పెట్టి, కీబోర్డు ఒళ్ళో ఉంచింది.

"ఏమయ్యా, ఇటు చూడు. ఇది నీదే. నీ ప్రెస్సు అక్షరాలే."

ఆయన చూపు కీల మీదకు దిగింది. ఎడమ నుంచి మొదలుపెట్టి కుడి దాకా మెల్లగా జరిగింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. ఎడమ చూపుడువేలు లేచి గాలిలో ఆగింది. నాకు మాత్రం ఆయన దాన్ని మళ్ళీ తోసేస్తారని భయంగా ఉంది. తోసేస్తే ఇక ఎవరూ ఆయన్ను అడగరు.

డాక్టరమ్మ కాగితాల సంగతి కాసేపు ఆపమన్నారు. మంచం మీదకు వంగి, ఒక్కో మాటా విడమరచి అడిగారు. "దేవసహాయం గారూ, ముక్కులోంచి ట్యూబు వేస్తే మీకు ఆహారం ఇవ్వగలం. వద్దంటే వెయ్యం, ఇంటికి పంపిస్తాం. మీ ఇష్టం ఏంటి?"

వేలు వణుకుతూ దిగింది. పక్క కీని తాకి, వెనక్కి వచ్చి, ఒకచోట ఆగింది.

"వ" అని చదివింది సుగుణమ్మ గారు.

"వద్దంటన్నాడు" అన్నాడు ఇస్రాయేలు గారు. "నే చెప్పలా? వద్దంటన్నాడమ్మా. ఇంక వదిలెయ్యండి నా తమ్ముణ్ణి."

"ఉండండి" అన్నాను. అంత గట్టిగా అంటానని నాకే తెలియదు. "ఇంకా అయిపోలేదు."

వేలు మళ్ళీ లేచింది. కుడివైపుకు వెళ్ళడానికి ఆ చెయ్యి ఛాతీ మీదుగా దాటాలి. మధ్యలో జారి ఒళ్ళో పడింది. ఎవరూ సాయం పట్టలేదు. డాక్టరమ్మ చెయ్యి అడ్డుపెట్టి మమ్మల్ని ఆపారు. ఆయన మళ్ళీ ఎత్తారు. గుణింతాలున్న చోటికి తెచ్చారు.

"ఏత్వం" అంది సుగుణమ్మ గారు. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మిగిలినవి నేను చదివాను. య. సున్నా. డ. గుడి.

వేయండి.

ఇస్రాయేలు గారి చేతిలోని కాగితాలు కింద పడ్డాయి. ఆయన వాటిని తీయలేదు.

"మరి నోరెందుకు మూసుకున్నావయ్యా?" అని సుగుణమ్మ గారు ఆయన భుజం మీద కొట్టింది, ఏడుస్తూనే. "మమ్మల్నింత చంపావే! ఎందుకు?"

దానికి జవాబు చాలాసేపు పట్టింది. మధ్యలో రెండుసార్లు అలిసిపోయి కళ్ళు మూసుకున్నారు. పూర్తయ్యాక ఇలా వచ్చింది: పడుకోబెట్టి పోయవద్దు. ఊపిరి ఆడదు.

నిన్న పాప దగ్గినప్పుడు ఎర్రబడిన మొహం నా కళ్ళముందుకు వచ్చింది. డాక్టరమ్మ వివరించారు. మింగే కండరాలు బలహీనపడితే పలచటి పాలు, నీళ్ళు పొరపాటున ఊపిరితిత్తుల దారి పడతాయట. ఎత్తుగా కూర్చోబెట్టకుండా పోస్తే మరీ ప్రమాదమట. అలా ఒకటి రెండుసార్లు ఉక్కిరిబిక్కిరయ్యాక ఏ మనిషైనా నోరు తెరవడానికి జంకుతాడు. గొంతుకు బలం వచ్చేదాకా ట్యూబు ఉంటుందని, తర్వాత తీసేస్తామని చెప్పారు.

"పోయవద్దంట" అంది సుగుణమ్మ గారు కళ్ళు తుడుచుకుంటూ. "ఇంట్లో ఎప్పుడన్నా ఇట్టా పుస్తకంలో మాటలు మాట్లాడావంటయ్యా నువ్వు?"

ఆయన నోటి ఎడమ కొస కొంచెం పైకి లేచింది.

ఇస్రాయేలు గారు మంచం పట్టె మీద కూర్చుని తమ్ముడి చచ్చుబడ్డ చేతిని తన ఒళ్ళోకి తీసుకున్నాడు. "ఒరేయ్, నిన్ను చంపబోయాను గదరా! తిట్టరా నన్ను. నీ అక్షరాలు నీకున్నయ్యిగా, తిట్టు."

దేవసహాయం గారు చాలా అలిసిపోయి ఉన్నారు. అయినా వేలు ఎత్తారు. ఈసారి అందరం కలిసి చదివాం.

తరువాత.

ఆ గదిలో అందరికంటే ముందు నవ్వింది ఇస్రాయేలు గారే.

వేసవి అయ్యేసరికి ట్యూబు తీసేశారు. మాట పూర్తిగా రాలేదు గాని, దగ్గరివాళ్ళకు అర్థమయ్యేంత వచ్చింది. ప్రెస్సు ఇప్పుడు వేరేవాళ్ళు నడుపుతున్నారు. ఆ కీబోర్డు మాత్రం వాళ్ళకు ఇవ్వలేదు.

ఆ పని నా పనిని మార్చింది. అంతకుముందు ఎవరైనా అరిగిన కీబోర్డు తెస్తే, ఏ కీలు పోయాయో చూసి, ఎప్పటికి కావాలో అడిగేదాన్ని. ఇప్పుడు దీన్ని ఎవరు వాడతారు, ఏ భాషలో, చూసి కొడతారా, చూడకుండా కొడతారా, రెండు చేతులా, ఒక చెయ్యా అని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. "అక్షరాలు వెయ్యవమ్మా అంటే ఇంటర్వ్యూ చేస్తన్నావేంది?" అంటారు. విసుక్కోనిస్తాను. తెచ్చిన మనిషి చెప్పలేకపోతే, వాడే మనిషికి ఫోన్ కలిపి ఇమ్మంటాను.

ఇంట్లో ఇది నాకు ఇంకా చేతకాలేదు. పాప ముద్ద వద్దని తల తిప్పితే పేచీ పెడుతోందని అత్తయ్య అంటుంది, ఆకలి లేదని మావారు అంటారు, జబ్బు చేసిందని నేను అంటాను. దాని తరఫున ముగ్గురం జవాబు చెప్పేస్తాం. అప్పుడు ఆసుపత్రిలో డాక్టరమ్మ చెయ్యి అడ్డుపెట్టి మమ్మల్ని ఆపడం గుర్తొస్తుంది. చెంచా కింద పెట్టి, దాని మొహం చూస్తూ కాసేపు ఊరుకుంటాను.